నేను పరిచిన మెత్తటి ఐస్

మొన్న మిల్టన్‌లో మా అమ్మాయి ఇంట్లో హాలు నిండా జనం. ఐస్ హాకీ ప్లేఆఫ్స్, అంటే సీజను చివరి నాకౌట్ పోటీల రోజులు కదా, మా అల్లుడూ అతని ఆఫీసు స్నేహితులూ టీవీ ముందు చేరి, మిర్చి బజ్జీలు తింటూ వాదించుకుంటున్నారు.

"స్కిల్ ఉంటే ఏం చేస్తవ్ బాస్, ప్లేఆఫ్స్‌లో గోడకేసి గుద్దేటోడే గెలుస్తడు" అన్నాడు ఒక హైదరాబాదు అబ్బాయి.

"ఆఁ, నువ్వెళ్ళి గుద్దు. పార్కింగ్‌లో ఐస్ మీద జారి పడి, ఫోన్ పగలగొట్టుకుంది నువ్వేగా!" అన్నాడు మా అల్లుడు. అందరూ నవ్వారు. అంతలో అతను నా వైపు తిరిగి, "మామయ్యగారూ, మీరు రింకులోనే పని చేశారు కదా. మీరు చెప్పండి, స్కిల్లా, టఫ్‌నెస్సా?" అని అడిగాడు.

టీ చల్లారిపోయిందని వంక పెట్టి వంటింట్లోకి వెళ్ళి, స్టవ్ వెలిగించకుండానే చాలాసేపు నిలబడ్డాను. అతను అడిగింది సరదాకే, కానీ ఆ ప్రశ్నకు జవాబు ఒకప్పుడు నేను నా చేతులతోనే చెప్పి ఉన్నాను. నాలాంటివాళ్ళకు, అంటే పరాయి ఊళ్ళో నలుగురిలో ఒకడిగా లెక్కలోకి రావడానికి తహతహలాడిన వాళ్ళకు, ఇది అర్థమవుతుందేమోనని రాస్తున్నాను.

కెనడా రాకముందు నేను నర్సాపురంలో ఒక ఐస్ ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. చేపలకూ రొయ్యలకూ వేసే ఐస్ దిమ్మలు అక్కడ తయారయ్యేవి, అమ్మోనియా వాసనతోనే తెల్లవారేది. విండ్సర్ వచ్చి కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో చేరిన కొన్నాళ్ళకే మమ్మల్ని లే ఆఫ్ చేశారు. అప్పుడు మా చర్చిలో ఒక పెద్దాయన, పక్క ఊరి హాకీ రింకులో, అదే ఐస్ పరిచిన ఆటస్థలంలో, కంప్రెసర్ తెలిసిన మనిషి కావాలట, అప్లై చెయ్యవయ్యా అన్నారు. నర్సాపురంలో రొయ్యల కోసం నేర్చుకున్న విద్య ఇక్కడ హాకీ ఆటగాళ్ళ కాళ్ళ కింద పనికొస్తుందని ఎవరు ఊహించారు! నేనూ నా భార్యా ఆ సంగతి చెప్పుకుని ఎన్నిసార్లు నవ్వుకున్నామో.

చూసేవాళ్ళకు ఐస్ అంతా ఒకటే. దాన్ని చేసేవాడికి కాదు. ఐస్‌ను నున్నగా చేసే మెషిన్ మీద కూర్చుని, పైపొర గీకేసి, వేడినీళ్ళు పలచగా పరిచి, తగినంత సమయమిచ్చి గడ్డకట్టనిస్తే అది గాజులా గట్టిగా, వేగంగా ఉంటుంది. నీళ్ళు ఎక్కువ పోసి, చలి కాస్త తగ్గించి, ఆట మొదలయ్యే ముందు హడావిడిగా పరిస్తే అది మెత్తగా, బరువుగా తయారవుతుంది. గట్టి ఐస్ మీద నేర్పుగలవాడిది రాజ్యం. ఈ ఆటలో ఒంటితో గుద్దడం తప్పు కాదు కాబట్టి, మెత్తటి ఐస్ మీద అందరి వేగమూ చచ్చి, బలంగలవాడిది పైచేయి అవుతుంది.

ఉద్యోగం కోసం మేం కాపురం మార్చిన ఆ ఊరి జట్టు ఆడేది టీవీలో కనిపించే లీగుకు ఎన్నో మెట్లు కింద. ఆటగాళ్ళకు వచ్చే జీతం అద్దెకే చాలదు కాబట్టి, ఊళ్ళో ఒక్కో కుటుంబం ఒక్కొక్కరిని సీజనంతా తమ ఇంట్లో పెట్టుకుని అన్నం పెట్టడం అక్కడి ఆనవాయితీ. ఆ సీజనులో మా వంతుకు వచ్చినవాడు సస్కచెవాన్‌లో గోధుమ పొలాల మధ్య నుంచి వచ్చిన సన్నటి కుర్రాడు. మా చర్చి పిల్లల్ని చూసి మమ్మల్ని అంకుల్, ఆంటీ అనడం నేర్చుకున్నాడు. నా భార్య చేసే పప్పుచారు గ్లాసులో పోయించుకుని తాగేవాడు. వాడు ఐస్ మీద మలుపు తిరుగుతుంటే ఆడుతున్నట్టు ఉండేది కాదు, నీళ్ళ మీద ఆకు తేలినట్టుండేది. ఎదుటివాడు గుద్దడానికి వచ్చేసరికి వాడు అక్కడ ఉండేవాడు కాడు.

మా కోచ్‌కు మాత్రం వాడంటే పెద్ద నమ్మకం లేదు. ప్లేఆఫ్స్‌లో సొగసు పనికిరాదని, దెబ్బ తిని దెబ్బ కొట్టేవాడే కావాలని ఆయన వాదన. అయినా ఆ ఏడు మా జట్టు ఒక్కో రౌండూ దాటుకుంటూ వచ్చింది. ఇంకో మ్యాచ్ గెలిస్తే ఫైనల్ అనగా, పై లీగు నుంచి ఒక మనిషి మా కుర్రాణ్ణి చూడడానికి వస్తున్నాడని తెలిసింది. ఆ ఒక్క ఆట బాగా ఆడితే వాడి బతుకే మారిపోతుంది. నా భార్య వాడి కోసం ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది.

ఆ రోజు ఉదయం కోచ్ నా మెషిన్ గదికి వచ్చాడు. అంతకు ముందెప్పుడూ ఆయన ఆ గది గడప తొక్కలేదు, నా పేరూ పలకలేదు. నా భుజం మీద చెయ్యేసి, పేరు పెట్టి పిలిచి, ఎదుటి జట్టువాళ్ళు మరీ వేగంగా పరిగెత్తుతున్నారని, ఐస్ కాస్త బరువుగా ఉంటే మనకు మంచిదని, నువ్వు మన జట్టు మనిషివి కదా అని అన్నాడు. మన జట్టులోనూ వేగాన్నే నమ్ముకున్నవాడు ఒకడున్నాడని, వాడు మా ఇంట్లోనే ఉన్నాడని నేను అని ఉండవచ్చు. అనలేదు. ఆ భుజం మీది చెయ్యి నాకు ఎంత తియ్యగా తోచిందంటే, సరే కోచ్ అన్నాను.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళాను. ప్రతి మ్యాచ్ రోజూ అడిగినట్టే కుర్రాడు అడిగాడు.

"ఐస్ ఎలా ఉంది అంకుల్?"

"బాగుంది" అన్నాను. నా భార్య వాడి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తుంటే నేను కూడా కళ్ళు మూసుకున్నాను.

కోచ్ అనుకున్నట్టే జరిగింది. ఎదుటి జట్టు వేగం బురదలో పడిన బండిలా అయిపోయింది. మా వస్తాదులు వాళ్ళను గోడలకేసి గుద్దుతుంటే జనం ఊగిపోయారు. మెషిన్ తలుపు దగ్గర నిలబడి, ఇదంతా నా చేతి పనే కదా అని నేను లోలోపల ఉప్పొంగిపోయాను. చివరి భాగంలో మా కుర్రాడికి పక్, అదే ఆ ఆట ఆడే రబ్బరు బిళ్ళ, అందింది. ఇద్దర్ని తప్పించుకుని మూల దగ్గర వాడికి మాత్రమే వచ్చిన ఆ మలుపు తిరగబోయాడు. స్కేటు మెత్తటి ఐస్‌లో దిగబడిపోయింది. ఒళ్ళు తిరిగింది, మోకాలు తిరగలేదు. వెనక వస్తున్న భారీ మనిషి ఆగలేక వాడి మీద పడ్డాడు. అందులో ఎవరి తప్పూ లేదన్నారు. ఆట సాగింది, మేం గెలిచాం.

కోచ్ నాకు జట్టు కోటు ఒకటి తెచ్చి తొడిగాడు. ఆ కోటుతోనే ఆసుపత్రికి వెళ్ళాను. నా భార్య కుర్రాడి మంచం పక్కన కూర్చుని ఉంది.

"ఏవండీ, ఆ కోటేంటి?"

"కోచ్ ఇచ్చాడు."

"ఇవాళే దొరికిందా ఇవ్వడానికి?" అని, మళ్ళీ వాడి వైపు తిరిగింది.

ఫైనల్‌లో మా జట్టు ఓడిపోయింది. అవతలి ఊరి రింకులో ఐస్ గట్టిగా ఉంది, దాని మీద పరిగెత్తగలవాడు మా దగ్గర లేడు.

ఆపరేషన్ అయ్యాక కుర్రాడు కొన్నాళ్ళు మా ఇంట్లోనే ఉన్నాడు. కిటికీ దగ్గర కూర్చుని, అంత తేలికైన మలుపులో నా కాలు తప్పింది అంకుల్, చిన్నప్పటి నుంచీ చేస్తున్నదే కదా అని పదే పదే అనేవాడు. కుమిలిపోతున్నాడు, ఏదైనా చెప్పండి వాడికి, అని నా భార్య బతిమాలింది. అప్పుడైనా చెప్పవలసింది. దేవుడి చిత్తం బాబూ అన్నాను. నా చేతి పనిని తీసుకెళ్ళి దేవుడి మీద పెట్టాను. అంతకంటే నీచమైన మాట నేను బతుకులో అనలేదు.

వాడు తన ఊరికి వెళ్ళిపోయాడు. మోకాలు మళ్ళీ ఆటకు పనికిరాలేదు. ఏటా క్రిస్మస్‌కు నా భార్యకు ఫోన్ చేసేవాడు. ఆమె పోయినప్పుడు కూడా చేసి, మాట్లాడలేక ఏడ్చాడు. ఆమె నిజం తెలియకుండానే పోయింది. తెలిస్తే నన్ను ఏమనేదో నాకు తెలుసు కాబట్టే చెప్పలేదు.

అల్లుడు ఆ ప్రశ్న అడిగిన మరునాడు, ఇంట్లో ఎవరూ లేని సమయం చూసి సస్కచెవాన్‌కు ఫోన్ చేశాను. వాడిప్పుడు ధాన్యం లారీ నడుపుతున్నాడు. బండి పక్కకు ఆపమని, అంతా చెప్పాను. కోచ్ రావడం, నేను నీళ్ళు ఎక్కువ పోయడం, భోజనం దగ్గర అబద్ధం చెప్పడం, ఏదీ దాచలేదు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"అందరూ అదే ఐస్ మీద ఆడారు కదా అంకుల్" అన్నాడు. "మిగతావాళ్ళెవరూ పడలేదు."

కాదు బాబూ, తప్పు నాదే, నీ కాళ్ళది కాదు అని ఎన్ని విధాల చెప్పినా వాడు నన్నే ఓదార్చడం మొదలుపెట్టాడు. ఇంకో మాట కూడా అన్నాడు. వాళ్ళమ్మాయి చిన్నప్పుడు స్కేటింగ్ నేర్పమని ఏడ్చిందట. మన ఇంటివాళ్ళ కాళ్ళు నమ్మదగ్గవి కావమ్మా అని చెప్పి మాన్పించాడట.

ఇప్పుడు ఆట మారిపోయింది. ఒకప్పుడు పక్కన కూర్చోబెట్టిన అలాంటి సన్నటి కుర్రాళ్ళను ఈనాడు వెతికి వెతికి తెచ్చుకుంటున్నారు, వాళ్ళు మలుపు తిరుగుతుంటే హాలంతా లేచి నిలబడుతోంది. రింకుల్లో ఐస్ చలిని మీటర్లు చూసుకుంటున్నాయి, ఐస్ మనిషి గదికి వచ్చి భుజం మీద చెయ్యేసే అవసరం ఏ కోచ్‌కూ లేదు. ఈ మార్పులన్నీ మంచివే. కానీ నేను చెప్పవలసిన మాట, దానికి విలువ ఉన్న రోజుల్లో నా నోట్లోనే గడ్డకట్టుకుపోయింది. వాడి కూతురు ఇప్పుడు కాలేజీలో చదువుతోందట. ఒక్కసారైనా ఐస్ మీద కాలు పెట్టలేదట.