కర్రంత వెడల్పు గది

బాబా పోయాడన్న కబురు వచ్చినప్పుడు నేను జమియా అంగడిలో ఆయన డైపర్ల కట్ట పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నాను. ఫోన్ చేసింది ఆయన పెద్ద కొడుకు. మాలాంటి పనివాళ్లతో మాట్లాడే ముక్కల అరబ్బీలో, "ఆసుపత్రి, బాబా, ఖలాస్" అన్నాడు. వరుసలోంచి బయటికి రావాలని కూడా నాకు తోచలేదు. నా వంతు వచ్చింది, డబ్బు కట్టాను, ఆ కట్ట చంకలో పెట్టుకుని ఎగైలాలోని ఇంటికి నడిచి వచ్చాను. వంటావిడ గేటు దగ్గరే కూలబడి ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు.

పరామర్శలు ముగిశాక పెద్ద కొడుకు వచ్చి, బాబా గదిలో గోడ తీయించేస్తామని చెప్పాడు. ఆ గోడకు అవతలి వైపు ఉన్నది నా గది. గోడ పోతే నా గది పోతుంది, ఆ వెనకే నేనూ పోవాలి. ఆ గోడ సంగతి చెప్పకుండా బాబా గురించి చెప్పడం నా వల్ల కాదు.

మాది రాయచోటి. గల్ఫుకొచ్చి ఈ ఇంట్లో డ్రైవరుగా చేరాను. పెద్దాయన కాళ్లు పడిపోయాక ఆయన్ను చూసుకోవడమే నా పనైంది. ఇంట్లో అందరూ బాబా అనేవాళ్లు, నేనూ అలాగే పిలిచేవాణ్ని. వయసులో ఉండగా తెరచాప ఓడలమీద ఆఫ్రికా దాకా పోయి వచ్చిన మనిషి. అరబ్బీలో బొంబాయి రేవు హిందీ కలిపి మాట్లాడేవాడు. అది నా చెవికి మా ఊరి మాటలాగే పడేది, ఇక్కడా అలాగే రాస్తున్నాను. తప్పుంటే దిద్దాల్సిన మనిషి ఇప్పుడు లేడు.

ఈ ఇల్లు పెద్దది. బాబాకిచ్చిన గదిలో పెళ్లి భోజనాలు పెట్టొచ్చు. అందులో ఆయనకు నిద్ర పట్టేది కాదు. కొడుకులు మంచం మార్చారు, ఏసీ మార్చారు, డాక్టర్ని మార్చారు. చివరికి ఆయనే అసలు సంగతి చెప్పాడు. మధ్యలో ఒక గోడ కట్టమన్నాడు. ఎంత దూరంలో కట్టాలో చూపించడానికి, గ్యారేజీ మూల నుంచి గుడ్డ చుట్టి దాచిన ఒక కర్ర తెప్పించాడు.

అది చందల్ కర్ర. కెన్యా, టాంజానియా వైపు సముద్రపు ఒడ్డున ఉప్పునీటి అడవుల్లో పెరుగుతుంది. పక్కింటి డ్రైవరు గోదావరి జిల్లావాడు, ఆ చెట్ల ఫోటో చూసి, ఇవి మా వైపు మడ చెట్లే అన్నాడు. ఈ ఎడారిలో ఇంటికి పనికొచ్చే చెట్టు లేదు. అందుకే బాబా వాళ్లు చలికాలపు గాలి పట్టుకుని ఖర్జూరం వేసుకుపోయేవాళ్లు, గాలి తిరిగాక ఓడ నిండా ఈ కర్రలతో వచ్చేవాళ్లు. వాటిని గోడ నుంచి గోడకు పరిచి, పైన చాపలు, ఆపైన మట్టి. మా ఊళ్లో మట్టి మిద్దె ఎట్లా వేస్తారో అట్లాగే. బాబా పుట్టిన ఇల్లు అలాంటిదే. పాత ఊరు పడగొట్టినప్పుడు ఆ ఇంటి కప్పులోంచి ఈ ఒక్క కర్ర తెచ్చుకున్నాడు.

"దుడ్డుండేవోడు గదిని పొడుగు పెంచుకుంటాడు. వెడల్పు మాత్రం ఆ చెట్టు చెప్పినంతే," అనేవాడు.

గోడ కట్టడానికి కడప మేస్త్రీని పిలిచాను. అతను కర్రను నేలమీద పరిచి, సరిగ్గా దాని కొస దగ్గర గోడ లేపేశాడు. బాబాను చక్రాల కుర్చీలో తీసుకొచ్చి చూపిస్తే ఆయన మొహం ఎర్రబడింది.

"కర్ర యాడ కూచుంటాదిరా? రెండు గోడల్లోనూ దానికి చోటుండొద్దా?"

మేస్త్రీ నావైపు తిరిగి, "పైన స్లాబు ఉండాది గదన్నా, ఈ కర్ర ఏం మోస్తాదని?" అన్నాడు. నేను దాన్ని కొంచెం మెత్తజేసి బాబాకు చెప్పాను. ఆయన కర్ర వైపే చూస్తూ అన్నాడు.

"మోయకపోతే కూచోకూడదా?"

మేస్త్రీ గొణుక్కుంటూనే గోడ పడగొట్టి, లోపలికి జరిపి మళ్లీ కట్టాడు. బాబా మంచం తలవైపున, పడుకునే చెయ్యెత్తితే అందే ఎత్తులో, ఒక కొస బయటి గోడలో కూర్చుంది. కొత్త గోడ పలచటిది కావడంతో రెండో కొస దాన్ని దాటి అవతలికి జానెడు పొడుచుకొచ్చింది. గోడకు అవతల మిగిలిన గది ముక్క నాకిచ్చారు. పనంతా అయ్యాక చొక్కా విప్పి ఆ కొసకే తగిలించేవాణ్ని. నేను కావాల్సి వస్తే బాబా చేతికర్రతో తన వైపు నుంచి దాని మీద కొట్టేవాడు. ఆ చప్పుడు నాదాకా గట్టిగా వచ్చేది కాదు గానీ చొక్కా కదిలేది. మేలుకునే ఉంటే చాలు, పరుగెత్తేవాణ్ని. బెల్లు పెట్టిస్తామని కొడుకులు ఎన్నిసార్లు అన్నా ఆయన ఒప్పుకోలేదు.

శుక్రవారాలు మనవరాలు వచ్చేది. భూమిలో కూరుకుపోయిన పాత ఊళ్లను తవ్వే చదువు ఆ అమ్మాయిది. నేను బాబా కాళ్లకు నూనె రాస్తూ ఉంటే ఆమె టాబ్లెట్లో ఆఫ్రికా ఒడ్డున ఉన్న కిల్వా, లాము ఊళ్ల బొమ్మలు చూపించేది. పగడపు రాతి గోడలు, కప్పు పోయిన మసీదు, గోడలో పొదిగిన చైనా గిన్నెల గుర్తులు. ఒకసారి కప్పులేని ఒక ఇంటి బొమ్మ చూసి బాబా టాబ్లెట్ లాక్కున్నాడు. గదులన్నీ పొడుగ్గా, సన్నగా ఉన్నాయి. "ఇది నా గదే" అన్నాడు. మనవరాలు నవ్వి, నిజమే, రెండు ఒడ్డులా అదే చెట్టు కాబట్టి గదులూ దగ్గర దగ్గర అంతే ఉంటాయని చెప్పింది.

ఆ ఊళ్లు అరబ్బులు వచ్చి కట్టినవేనని చాలాకాలం రాసుకున్నారట. తవ్వుతూ పోతే రాతి ఇళ్ల కింద మట్టి ఇళ్లు, వాటి కింద ఇంకా పాతవి, అన్నీ అక్కడి మనుషులవే బయటపడ్డాయట. కుండలు ఎక్కువ వాళ్లవే. వాటి మధ్యలో ఈ గల్ఫు వైపు నుంచి పోయిన నీలం పూత పెంకులు, మన దేశం పూసలు. ఆమె చెప్పడం అయ్యేదాకా బాబా ఆగలేదు.

"దీనికి తవ్వాల్నా? ఇండ్లు వాళ్లవి. మేము వాళ్ల అరుగు మీద కూచోని గాలి తిరిగేదాంక కాసుకున్నోళ్లం."

ఆ రోజే లాము సంగతి చెప్పాడు. అక్కడ ఆయనకు జ్వరం తగిలిందట. తోటివాళ్లు కర్రల కోసం పోతే, ఒక ఇంటి ముసలావిడ లోపలి గదిలో పడుకోబెట్టిందట. కళ్లు తెరిస్తే కప్పులో వరసగా కర్రలు. కొంచెం తేరుకోగానే సిగ్గేసి, నీళ్లైనా మోస్తానని లేచాడట. ఆమె భుజం పట్టుకుని మళ్లీ కూర్చోబెట్టిందట. అంతలోనే, ఇటు రాయరా అని మడమ చూపించాడు.

చివరి నెలల్లో చేతికర్ర ఎత్తే బలం పోయింది. వేలి గణుపుతో కొట్టేవాడు. చొక్కా కదిలేది కాదు. అందుకని నేనే కర్ర కొసమీద చెయ్యి వేసి కూర్చునేవాణ్ని. ఆయన్ను ఆసుపత్రికి తీసుకుపోయాక కూడా ఒకటి రెండుసార్లు అలా కూర్చున్నాను. నాకు ఆయనంటే చాలా ఇష్టం. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు, అనే సందర్భమూ రాలేదు.

గోడ తీసే పొద్దు అదే కడప మేస్త్రీ వచ్చాడు. పెద్ద కొడుకు అహ్మదిలో చుట్టాల ఇంట్లో డ్రైవరు పని ఉందని, లేదా ఇంటికి పోవచ్చని నాకు ముందే చెప్పాడు. నేనింకా జవాబివ్వలేదు. మనవరాలు కర్ర తనకు కావాలని అడిగింది, తీసుకుపోయే బండి దొరకలేదు. ఇంత కర్ర ఎందుకు, రెండు ముక్కలు చేస్తే కారులోనే పడుతుంది గదా అన్నాడు పెద్ద కొడుకు. వాళ్ల మాటల మధ్యలో నేనెప్పుడూ నోరెత్తింది లేదు. ఆ పూట ఎత్తాను.

"మోయకపోతే కూచోకూడదా అనేవాడు బాబా," అన్నాను.

పెద్ద కొడుకు నావైపు చూసి, కిటికీ దగ్గరికి పోయాడు. తర్వాత మేస్త్రీకి చెయ్యి ఊపాడు, మొదలుపెట్టమని.

గోడ ఊడుతుంటే నేను కర్ర కింద భుజం పెట్టాను. అనుకున్నదానికంటే బరువుంది. మొన్న జనాజాలో బాబా పాడె మోసినప్పుడు నాకు బరువే తెలియలేదు. నేనూ మేస్త్రీ కలిసి కర్రను బయటికి మోసి, కార్ల షెడ్డు కింద నేలమీద దించబోయాం. పెద్ద కొడుకు వెనకాలే వచ్చాడు. అటొకటి ఇటొకటి ఇటుకలు పెట్టి వాటిమీద పెట్టండి, ఊరికే నేలమీద పడెయ్యొద్దు అన్నాడు. ఇటుకలు ఆయనే తెచ్చి పెట్టాడు.

దుమ్మంతా ఊడ్చేసరికి మధ్యాహ్నమైంది. గది మళ్లీ పెళ్లి భోజనాలకు పనికొచ్చేలా అయిపోయింది. ఒక మూల నా మంచం ఎక్కడుండేదో అక్కడే ఉంది. చెమట చొక్కా విప్పి, అలవాటుగా చెయ్యి చాచి తగిలించాను. అది కింద పడింది. తీయబుద్ధి కాలేదు. కదులుతుందేమోనని దాన్నే చూస్తూ నిలబడ్డాను.