ఐమూల బద్ద

ఆ రోజుల్లో ఒంటరిగా ఉంది అని ఎవరితోనైనా అంటే పెళ్లి చేసుకోమనేవారు. అందుకని నేను ఎవరితోనూ అనలేదు. ఎనభైల మొదట్లో గురజాల దగ్గర ఒక ఊళ్లో లెక్కల మాస్టరుగా చేరాను. తోటి మాస్టర్లు ఐదుగురూ నరసరావుపేట నుంచి వచ్చిపోయేవారు. బడి గంట కొట్టగానే బస్సు కోసం పరుగు. మేడమీద అద్దెగదిలో నేనూ, రెండు ట్రంకుపెట్టెల పుస్తకాలూ మిగిలేవాళ్లం. పుస్తకాలకు చెదలు పట్టడం మొదలయ్యాక (నాకు పట్టలేదు గాని ఆ దారిలోనే ఉన్నాను) ఒక చెక్క స్టాండు చేయించాలనుకున్నాను.

వీధి చివర వడ్రంగిని, చెక్క చెక్కే బాడిసె ఎప్పుడూ చేతిలోనే ఉంటుందని, ఊరంతా బాడిసె తాత అనేది. బొమ్మ నేనే గీసి ఇచ్చాను. నాలుగు నిలువు కర్రలు, ఐదు అడ్డపలకలు, వెనకా ముందూ ఖాళీ. తాత కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక ఐమూలగా, అంటే ఈ మూల నుంచి ఆ మూలకి, ఒక బద్ద కొడతానన్నాడు. అందం పోతుందని వద్దన్నాను.

"అన్నీ చదరాలే పెట్టావు అయ్యోరూ. చదరం నిలవదు, ఒరుగుద్ది," అన్నాడు.

లెక్కల మాస్టరుకా చదరం గురించి చెప్పేది? ఆ వారమే తొమ్మిదో తరగతిలో కందిపుల్లలకు దారం కట్టి, మూడు పుల్లల త్రిభుజం ఎంత నొక్కినా ఆకారం మారదనీ, నాలుగు పుల్లలది వేలు పెడితే పక్కకు వాలిపోతుందనీ చూపించి, నోట్సు రాసుకోమన్నాను. (పిల్లలు రాసుకున్నారు. నేను రాసుకోలేదు.)

స్టాండు వచ్చింది. దాన్ని సాకుగా పెట్టుకుని శనివారం బడయ్యాక మాస్టర్లను టిఫినుకు పిలిచాను. అందరూ సరేనన్నారు. ఉప్మా చేశాను. గ్లాసులు అడిగి తెచ్చాను. వాళ్ల కంట పడాలని లావుపాటి పుస్తకాలు పైపలక మీద సర్దాను. వసారాలో నిలబడి చూస్తుంటే బస్సు వెళ్లిపోయింది, ఐదుగురూ అందులోనే. ఒకాయన కిటికీలోంచి చెయ్యి కూడా ఊపాడు.

లోపలికొచ్చి, ఏం చెయ్యాలో తోచక, స్టాండుకు పక్కనుంచి భుజం ఆనించాను. అదీ నాతోపాటే ఒరిగింది. తొందరేమీ లేకుండా, చదరాలన్నీ కలిసి, అచ్చం నా కందిపుల్లల్లాగే వాలి, పుస్తకాలతో సహా నేలమీద పరుచుకుంది.

ఆ చప్పుడుకు కింద వాటాలో ఉండే ఇంటామె వచ్చింది (పెద్దమ్మా అని పిలిచేవాణ్ని). వెనకే వీధిలో సగం, వాళ్లలో బాడిసె తాత.

"ఏంది అబ్బాయ్, మా మేడ కూల్చావా?" అందామె. తర్వాత వరసగా పెట్టిన గ్లాసులు చూసి, ఎవరొస్తారని అడిగింది. నేను వంగి పుస్తకాలు ఏరసాగాను. ఆమె మళ్లీ అడగలేదు. కొంగు దోపుకుని కూర్చుని వచ్చినవాళ్లందరికీ ఉప్మా వడ్డించింది. ఉప్పు లేదని అందరూ తిట్టారు, తిడుతూనే గిన్నె ఖాళీ చేశారు. తాత చెయ్యి కడుక్కుని వెళ్లి, బద్ద తెచ్చి ఐమూలగా కొట్టాడు.

"ఇప్పుడు ఆనుకో," అన్నాడు.

ఆనుకున్నాను. కదల్లేదు. ఆ తర్వాత ఎన్నడూ కదల్లేదు, చప్పుడూ చెయ్యలేదు. కాబట్టి నా గదికి మళ్లీ ఎవరూ రాలేదు.

ఆ ఏడాది చివర ఒంటరిగా ఉందని నోరు జారాను, పెళ్లి చేశారు. మా ఆవిడ తన కళ్లజోడు తాడును ఆ బద్దకే తగిలించేది. పోయిన ఏడాది నుంచి ఆ చోటు ఖాళీ. స్టాండు మాత్రం వెంట్రుకవాసి ఒరగలేదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా ఉన్న మధ్యాహ్నాల్లో వెనక్కి వెళ్లి, ఆ బద్ద మేకును బొటనవేలితో కదిపి చూస్తుంటాను. ఊడితే ఎంతమందికి ఉప్మా చెయ్యాల్సి వస్తుందో అని నవ్వుకుంటాను. ఈసారి ఉప్పు మరిచిపోను.