గోడ మీద అరచేయి

నచ్చని బొమ్మను ఆమె ఎవరినీ అడగకుండా అరచేత్తో తుడిచేసేది. వరంగల్‌లో ఒక సర్కారు బడి గోడకు మా యూనివర్సిటీ వాళ్లం, బడి పిల్లలు, ఇటుక బట్టీల బస్తీవాళ్లు కలిసి బొమ్మలు వేస్తున్న రోజులవి. నేను కష్టపడి వేసిన నెమలి కూడా అట్లాగే పోయింది. నాకు ఒళ్లు మండింది.

"గింజ లేకుంట నెమలి ఎట్ల బతుకుతది తమ్మీ?" అంటూ, నూరిన బియ్యప్పిండిలో వేళ్లు ముంచి, నోట్లో వరికంకి ఉన్న నెమలిని గీసింది. ఏళ్ల కిందటే ఒడిశా నుంచి బట్టీ పనికి వచ్చిన ఆమెను అందరం అక్కా అనేవాళ్లం.

ప్రారంభోత్సవం రోజు, అతిథులు ఫొటోకు నిలబడ్డాక, గోడ మీద బొమ్మల కింద రాసిన పేర్లు చదవమని అక్క నన్ను అడిగింది. చదివాను: యూనివర్సిటీ పేరు, బడి పేరు, చివర 'వలస కూలీలు'.

"మాకు పేర్లు లేవా? నా బిడ్డ ఈడనే పుట్టింది, ఈ బడిలనే చదువుతాంది. అది గూడ వలసనేనా?"

"జర ఆగమ్మా, ఫొటో కానీ," అన్నాడు హెడ్మాస్టరు.

ఆమె ఆగలేదు. చిక్కటి పిండిలో అరచేయి ముంచి ఆ రెండు మాటల మీద గట్టిగా అద్దింది. వెనకాలే బస్తీ ఆడవాళ్లంతా వచ్చి అద్దారు. అక్షరం కనబడకుండా పోయింది.

అప్పుడు అతిథుల వైపు తిరిగింది.

"ఇగ తియ్యుండ్రి ఫొటో."