తగ్గిస్తూ కట్టిన ఇల్లు

మా ఆయన ఒక ఫ్యాక్టరీలో ప్లానింగ్ సెక్షన్‌లో పనిచేసేవారు. ఏ పని ముందు, ఏది వెనక, ఏది ఈ ఏడాదిలో అవుతుంది, ఏది కాదు అని తేల్చడం ఆయన ఉద్యోగం. ఎవరు ఏ కొత్త కోరికతో వచ్చినా ఆయన అడిగే ప్రశ్న ఒకటేనట: "ఇది లేకపోతే పని ఆగుతుందా?" ఆగదంటే ఆ కోరిక పక్కకు పోయేది. ఆ అలవాటు ఇంటికీ తెచ్చారు. పెళ్ళయిన కొత్తలో తిరుపతి ప్రయాణానికి నేను మూడు పెట్టెలు సర్దితే, ఒక్కొక్క చీరా బయటికి తీసి ఇదే ప్రశ్న అడిగారు. "పని ఆగదు, నేను ఆగిపోతాను" అని మంచం మీద కూర్చున్నాను. చివరికి మూడు పెట్టెలూ ఆయనే మోశారు. నా దగ్గర ఆయన ప్లానింగ్ పెద్దగా సాగేది కాదు.

మాది కృష్ణా జిల్లా. ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చి అత్తాపూర్‌లో ఒక పోర్షన్‌లో అద్దెకు ఉండేవాళ్ళం. పిల్లలు లేరు. తొంభైల మొదట్లో ఆయన తోటి ఉద్యోగులు తలా ఒక ముక్క కొంటుంటే, మేమూ శంషాబాద్‌లో బెంగుళూరు రోడ్డుకు కొంచెం లోపలగా ఒక స్థలం తీసుకున్నాం. అప్పటికి అక్కడ విమానాల ఊసే లేదు. జొన్నచేలు, బండరాళ్ళు, వాటి మధ్య మా హద్దురాళ్ళు. ఆదివారాలు స్కూటరు మీద వెళ్ళి, ఆ రాళ్ళ మధ్య నిలబడి, ఇంట్లో ఉన్నట్టే మాట్లాడుకుని వచ్చేవాళ్ళం.

ఆ ఇల్లు మొదట నా ఇష్టప్రకారమే గీశారు. హాలు, రెండు పడకగదులు, తూర్పు కిటికీ ఉన్న వంటిల్లు, దేవుడిగది, ఉయ్యాల వేసుకోవడానికి వరండా, డాబా మీదికి మెట్లు. అన్నం తింటూ నేను చెప్తుంటే, చేయి కడుక్కుని వచ్చి గీసేవారు. నేను ఎన్ని చెప్పినా ఆ ఒక్క ఇంటి విషయంలో ఆయన తన ప్రశ్న అడగలేదు. అందుకే నాకు ఆ ఇల్లంటే అంత ప్రేమ.

ఆ రోజుల్లోనే మా పక్క పోర్షన్‌లో ఉండే గుమాస్తాగారి తల్లి దవాఖానలో పోయింది. శవాన్ని తీసుకొచ్చేసరికి, మాకు అద్దెకిచ్చిన ఇంటాయన గేటుకు తాళం వేశాడు. అతను చెడ్డవాడేమీ కాదు, పండగొస్తే అందరికీ పులిహోర పంపేవాడు. అద్దె ఇంట్లోకి శవాన్ని రానివ్వకపోవడం ఈ నగరంలో వింత కూడా కాదు. ఇల్లు మైలపడుతుందని, మళ్ళీ ఎవరూ అద్దెకు రారని వాళ్ళ భయం వాళ్ళది. మురిక్కాలవ పక్కన, రోడ్డు మీదే షామియానా వేశారు. బస్సు వెళ్ళినప్పుడల్లా దుమ్ము లేచి ఆమె మొహం మీద పడుతుంటే కోడలు కొంగుతో తుడుస్తూ కూర్చుంది. స్నానం చేయించడానికి నీళ్ళు కావలసివస్తే, మేం లోపల్నించి ప్రహరీగోడ మీదుగా బకెట్లు అందించాం. అవతల అందుకున్నది మా ఆయన. సాయంత్రం వచ్చి తలస్నానం చేసి, అన్నం వద్దని పడుకున్నారు.

ఆ మరుసటి ఏడాది ఆయనకు కడుపులో నొప్పి మొదలైంది. పరీక్షలన్నీ చేసి డాక్టరు నన్ను బయట కూర్చోమన్నాడు. బయటికి వచ్చాక మా ఆయనే చెప్పారు, కూరగాయల ధరలు చెప్పినంత మామూలుగా: "ఎండాకాలం దాటవచ్చు, దాటకపోవచ్చు అంటున్నాడు." నేను ఏడుస్తుంటే కాసేపు వీపు నిమిరి, "రేపు మేస్త్రీని పిలుస్తాను" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. మనిషికి ఈ సంగతి తెలిసిన రోజున ఇల్లు గుర్తొస్తుందా? కానీ ఆయన కళ్ళు చూశాక, ఇల్లు లేవడం ఆయన చూడాలని నేనూ అనుకున్నాను. అప్పట్నించీ మా ఇంటికి, ఆయన జబ్బుకు పందెం.

మేస్త్రీది కొత్వాల్‌గూడ. ముసల్మాను, మా ఆయన కంటే కొంచెం పెద్దవాడు. మొదటి రోజు నేల మీద ముగ్గు పోసి ఇల్లంతా గీశారు. నేను చెప్పులు విడిచి నా వంటింట్లోకి నడిచాను, దేవుడిగదిలో నిలబడి దణ్ణం పెట్టుకున్నాను. వారం తిరక్కుండా మెట్లు పోయాయి. తర్వాత వరండా పోయింది. "ఇవి లేకపోతే పని ఆగుతుందా?" అన్నారు ఆయన. ఇన్నాళ్ళకు ఆ ప్రశ్న మా ఇంటి మీదికి వచ్చింది. పోయినవన్నీ రెండో దశలో అని చెప్పేవారు. ఒక పడకగది రెండో దశ, ఇంకో పడకగది రెండో దశ, దేవుడిగది రెండో దశ.

"ఏందమ్మా, సారు పూటకో గోడ తుడిపేస్తున్నడు" అన్నాడు మేస్త్రీ. "గిట్లయితే ఆఖరికి ముగ్గే మిగుల్తది."

నేను నవ్వాను. అప్పటికి ఇంకా నవ్వగలిగేదాన్ని.

పురోహితుణ్ణి కూడా ఆయన కాంట్రాక్టరును కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టారు. గృహప్రవేశానికి ఇవి లేకపోతే కుదరదు అనేవి ఏమిటో చెప్పమన్నారు. తలుపు, కప్పు, వచ్చినవాళ్ళకు భోజనం అన్నాడాయన. "సున్నం?" అంటే అక్కర్లేదన్నాడు. "స్లాబు?" అంటే రేకులైనా కప్పేనన్నాడు. దాంతో స్లాబు కూడా పోయింది. భార్యాభర్తలు కలిసి పీటల మీద కూర్చోవాలన్నది మాత్రం పురోహితుడు చెప్పలేదు, ఆయనా అడగలేదు. అది అక్కడున్న ముగ్గురికీ తెలుసు. ఈ తొందరంతా అందుకేనని నేను నమ్మాను. నమ్మి, గోడ మీద గోడ వదులుకున్నాను.

కానీ ఒక సంగతి నాకు మింగుడుపడలేదు. అన్నీ తగ్గుతుంటే హాలు మాత్రం పెరిగింది. తలుపు రెండు రెక్కలది, వెడల్పుగా కావాలన్నారు. బోరు వేయించే పని అన్నిటికంటే ముందుకు జరిపారు. "బోరు ఎనకైనా ఏస్కోవచ్చు సార్, ముందుగాల గోడలు లేపుదాం" అని మేస్త్రీ అంటే, "నీళ్ళు ముందు" అని ఒక్కటే మాట. ముందు భాగంలో వాకిలి ఖాళీగా వదలమన్నారు, మొక్కలు కూడా వద్దన్నారు.

ఆఖరికి వంటిల్లు కూడా రెండో దశలోకి పోయిన రోజున నేను ఊరుకోలేదు. రంజాన్ రోజాలు నడుస్తున్నాయి. మేస్త్రీ నోట్లో నీటి చుక్క లేకుండా ఎండలో గోడ లేపుతున్నాడు. ఆయన టార్పాలిన్ కింద నవారు కుర్చీలో కూర్చుని ఉన్నారు. వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను.

"వంటిల్లు లేకపోతే నేనెక్కడ వండాలండీ?"

"ఇప్పటికి హాల్లోనే ఒక మూల స్టవ్వు పెట్టుకో."

"హాలెందుకంత? ఇల్లు కడుతున్నారా, పెళ్ళిమండపం కడుతున్నారా?"

ఆయన నా మొహం చూడలేదు. గోడ వైపే చూస్తూ చెప్పారు.

"నన్ను పడుకోబెట్టాక చుట్టూ మనుషులు తిరగాలి కదా."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆయన ఆఫీసు మీటింగులో మాట్లాడినంత నిదానంగా ఒక్కొక్కటీ చెప్పుకుపోయారు. వ్యాను దగ్గర్నించి నలుగురు మోసుకొస్తారు, మామూలు తలుపయితే పక్కకు తిప్పాలి, అందుకని రెండు రెక్కలు. స్నానానికి నీళ్ళు ఎవరినీ అడగకూడదు, అందుకని బోరు. వాకిట్లో నిప్పు పెట్టాలి, జనం నిలబడాలి. పది రోజులు దీపం వెలగాలి, ఎవరూ వచ్చి ఖాళీ చేయమనకూడదు. గృహప్రవేశం కాని ఇంట్లోకి తేకూడదు కాబట్టి అది ముందు అయిపోవాలి.

"మన ఇంటాయన మంచివాడే. కానీ నన్ను గేటు లోపలికి రానివ్వడు" అన్నారు. "నువ్వు రోడ్డు మీద కూర్చుని నా మొహం తుడవడం నాకిష్టం లేదు."

నేను ఏం చేశానో చెప్తాను. ఏడవలేదు. ముగ్గు డబ్బా ఎత్తి నేలకేసి కొట్టాను. ఉయ్యాల కోసం, తూర్పు కిటికీ కోసం నేను పోట్లాడుతుంటే, ఈ మనిషి తన శవం పట్టే కొలతలు వేసుకుంటున్నాడా? నన్ను ఒక్క మాట అడిగాడా? రోడ్డు దాకా నడిచి వెళ్ళి, బస్సు కోసం నిలబడ్డాను. వెనకాలే మేస్త్రీ వచ్చాడు, దుమ్ము చేతులు లుంగీకి తుడుచుకుంటూ.

"సారు నాకు ముందుగాలనే చెప్పిండమ్మా. నీకు చెప్పొద్దని ఒట్టు ఏయించుకున్నడు" అన్నాడు. "జర మన్సుల పెట్టుకోకు. ఆ కుర్సీలకెళ్ళి లేస్తలేడు, నువ్వొచ్చి లేపాలె."

ఇద్దరు మగవాళ్ళు కలిసి నాకు తెలియకుండా కట్టిన ఇల్లది. వెనక్కి వెళ్ళి, చేయిచ్చి లేపాను. చేయి కట్టెపుల్లంత ఉంది. స్కూటరు నడిపే శక్తి ఆయనకు అప్పటికే లేదు. బస్సులో ఇద్దరం పక్కపక్కన కూర్చుని అత్తాపూర్ వచ్చాం. ఆ తర్వాత నేను దేనికీ పోట్లాడలేదు. ఏది అడిగినా అది ఆయన రోజుల్లోంచి తీసుకున్నట్టే కదా.

గృహప్రవేశం వైశాఖంలో అయింది. ఆవు లోపలికి వచ్చి హాలు మధ్యలో పేడ వేస్తే, శుభం శుభం అని అందరూ నవ్వారు. ఆయన పీట మీద కూర్చోలేక గోడకు ఆనుకున్నారు, పురోహితుడు చూడనట్టే మంత్రాలు చదివాడు. మూలన స్టవ్వు మీద పాలు పొంగించాను. ఫ్యాక్టరీ వాళ్ళంతా వచ్చి, రేకుల కింద చెమటలు కక్కుతూ కడుపునిండా తిన్నారు. మిగతా ఇల్లెప్పుడు సార్ అని ఎవరో అడిగితే, "రెండో దశ" అని నా వైపు చూసి నవ్వారు. ఆ నవ్వు చూస్తే నాకు కొట్టాలనిపించింది, పట్టుకుని వదలకూడదనీ అనిపించింది. ఆచారం ప్రకారం ఆ రాత్రి అక్కడే నిద్ర చేశాం. దవాఖాన దగ్గరని మర్నాడు మళ్ళీ అత్తాపూర్ వచ్చేశాం. ఆ ఇంట్లో ఆయన కాపురం అంతే.

తొలకరికి ముందే, దవాఖానలో, పట్టపగలు పోయారు. వ్యాను డ్రైవరు "ఎక్కడికమ్మా?" అని అడిగితే, "ఇంటికి" అని, దారి చెప్పాను. అత్తాపూర్‌లో మేం అద్దెకున్న ఇంటి ముందునుంచే పోయింది వ్యాను. గేటు వైపు నేను చూడలేదు.

మేస్త్రీ తలుపు రెండు రెక్కలూ తీసి నిలబడ్డాడు. నలుగురు మోసుకొచ్చారు. ఎక్కడా తిప్పలేదు, ఎవరి భుజమూ గడపకు తగల్లేదు. నీళ్ళు బోరులోంచి వచ్చాయి. జనం వస్తూనే ఉన్నారు, చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఎంత మంది వచ్చినా హాలు చాలింది. ఎవరూ తొందరపెట్టలేదు. అత్తాపూర్ ఇంటాయన కూడా వచ్చి, దండ వేసి, కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన అనుకున్నవన్నీ అనుకున్నట్టే జరిగాయి. ఏదో ఒకటి తప్పుతుందేమో, లేచి కసురుకుంటారేమో అని మొహం వైపే చూస్తూ కూర్చున్నాను. ఒక్కటీ తప్పలేదు.

పది రోజులూ దీపం వెలిగింది. కర్మ అయిపోయాక బంధువులు బస్సులెక్కారు. ఆ ఇంట్లో అప్పుడు నాకు తెలిసింది, ఆయన ప్లాను అక్కడిదాకానేనని. ప్రపంచంలో ప్రతి పనికీ ముందూ వెనకా చూసిన మనిషి, పదకొండో రోజు పొద్దున నేను లేచి ఏం చేయాలో ఒక్క మాట చెప్పి పోలేదు. ఆయన్ని పడుకోబెట్టిన చోటే చాప వేసుకుని పడుకున్నాను, ఇంకో గది లేదు కాబట్టి.

కొన్నాళ్ళకు మేస్త్రీ వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "ఇటుక మిగిలిందమ్మా, ఇసుక గూడ ఉన్నది. వానలు ముదరకముందే మిగతాది లేపుదాం. నీకేం గావాలెనో చెప్పు" అన్నాడు.

నాకు కావలసింది ఆయన. రోజూ పోట్లాడటానికి, నా చీరలు పెట్టెలోంచి తీసి పక్కన పెట్టడానికి నాకు ఆయన కావాలి. ఆ మాట అతనితో ఎలా అనను? వంటిల్లు కట్టమన్నాను.