మగ్గం కింద కుంగిన నేల

లోకంలోని కంపులన్నింటిలోకీ నీచమైనది ఏదని ఎవరైనా అడిగితే, తడుముకోకుండా మా ఇంటి ముందుగది అని చెబుతాను. మా గద్వాలలో మురుగు కాలువలున్నాయి, చేపల బజారుంది, పెండ్లి మర్నాటి ఫంక్షన్ హాళ్లున్నాయి. మా ముందుగది పక్కన అవన్నీ అగరువత్తులు.

ఆ గదిలోనే మా ఇంటామె మగ్గం. వెనకటికి అది గుంట మగ్గం. నేలలో నడుము లోతు గుంట, అంచున కూర్చుని కాళ్లు లోపల వేలాడేసి నేసేవాళ్లు. ఆమెకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక గుంట మానేసి, నేల మీద నిలబడే స్టాండు మగ్గం తెచ్చుకున్నాం. ఎలాగూ తెచ్చాం కదా అని తెల్లటి టైల్స్ వేయించాం. మొహం చూసుకుని గడ్డం గీసుకునేంత మెరుపు. మధ్యలో గుంటను పూడ్చే పని మాత్రం మా చిన్నాయన పైనేసుకున్నాడు.

మా చిన్నాయనకు ఆచారాలంటే ప్రాణం. లేని ఆచారాన్ని కూడా పుట్టించి పాటించగలడు. ఆయన లెక్కలో మగ్గం గుంటను బయటి మట్టితో పూడ్చకూడదు, మగ్గం సామానుతోనే పూడ్చాలి. పూడ్చిన తర్వాత దాని పేరు ఎవరి ముందూ ఎత్తకూడదు. పేరెత్తితే గుంట మనిషిని బలి అడుగుతుందట. సరే, పెద్దమనిషి సంతోషం ఎందుకు కాదనాలని మేము పక్కకు తప్పుకున్నాం. ఆయన లోపలేవేవో నింపి, పైన తట్టెడు మట్టి చల్లాడు. మేస్త్రీ దాని మీద కాంక్రీటు పరిచి టైల్స్ అతికించాడు.

ఏడాది తిరక్కుండానే నేల కుంగడం మొదలైంది. ముందు మగ్గం కింద ఒక్క టైల్ దిగింది. చూసి చూసి దాని చుట్టుపక్కలవి కూడా దిగాయి. చివరికి గది మధ్యలో ఒక పెద్ద పళ్లెం తయారైంది. గడప దగ్గర నిమ్మకాయ పెడితే, అది ఒక్క క్షణం ఆలోచించుకుని మగ్గం కిందికి దొర్లిపోయేది. తడిగుడ్డతో తుడిస్తే నీళ్లన్నీ అక్కడే నిలిచేవి. ఇంకో రెండు వానలు పడితే బీచుపల్లి దగ్గర కృష్ణలో తిరిగే పుట్టీలు మా ఇంట్లో తిరిగి ఉండేవి.

నేల సంగతి పోనీ, మగ్గం ఒక కాలు దిగబడింది. మగ్గం వాలితే పడుగు, అంటే నిలువు పోగుల వరస, ఒకవైపు బిగుస్తుంది, ఇంకోవైపు సడలుతుంది. అప్పటికే వనపర్తి నుంచి ఒకామె తన బిడ్డ పెండ్లికి చెప్పిన చీర సగం నేత పూర్తయి మగ్గం మీద ఉంది. ఒంటికి నూలు, అంచుకు పట్టు. రెండూ కలిసే చోట గీత నిటారుగా రావాలి. అది కల్లు దుకాణం నుంచి ఇంటికి పోయేవాడి నడకలా రావడం మొదలైంది.

“మగ్గం విప్పి పక్కకు పెడదాం, నేల బాగు చేయించినంక మల్ల ఎక్కిద్దాం” అన్నాను.

“విప్పాల్నంటే పడుగు తెంపాలె” అంది మా ఇంటామె. “నడుమ పడుగు తెంపిన చీర పెండ్లికి ఇయ్య. నేల బాగు చేస్తవో, గాలిల నిలబెడ్తవో నీ ఇష్టం. పడుగు తెగితే మాత్రం నేను మల్ల దాని మీద కూసోను.”

ఆమె అన్న మాట మీద నిలబడుతుంది. మా ఇంట్లో అలా నిలబడగలిగింది ఆమె ఒక్కతే. నేల కూడా నిలబడలేకపోయింది.

అందుకని నాగర్‌కర్నూలు నుంచి ఒక ఇంజనీరును పిలిపించాను. బిజినేపల్లిలో ఒక గోదాము నేలను పగలగొట్టకుండానే పైకి లేపిన మనిషి. నేలకు చిన్న చిన్న బెజ్జాలు వేసి, పైపుతో కిందికి మందు ఎక్కిస్తాడు. అది మట్టిలో ఉబ్బి, సందులన్నీ నింపి, మెత్తటి మట్టిని గట్టిపరిచి, కుంగిన నేలను మెల్లగా పైకి తోస్తుంది. రోటీ ఉబ్బినట్టన్నమాట. చెబుతుంటే నాకు ఆకలి కూడా వేసింది.

నేను టీ తేవడానికి బయటికి పోయాను. ఆ సందులో ఆయన అడగవలసిన ఒకే ఒక్క ప్రశ్న అడిగాడట: “ఈ నేల కింద ఏముంది?”

“ఏముంటది సారూ, వట్టి మన్ను” అన్నాడట మా చిన్నాయన. ఆచారం ప్రకారం.

మిషను మొదలైంది. పైపు గుటకలు వేస్తూ మందు మింగింది. నేల కదల్లేదు. ఇంకా మింగింది. నేల ఇసుమంత కూడా లేవలేదు. బిజినేపల్లి గోదాములు పది లేచేంత మందు లోపలికి పోయినా మా టైల్స్ చలించలేదు.

“ఇదేంది సార్, తాగుతనే ఉంది?” అన్నాడు ఇంజనీరు, బెజ్జం వైపు అనుమానంగా చూస్తూ.

అప్పుడు పక్కింట్లోంచి కేక వినబడింది. పక్కింటావిడ వరసకు నాకు అత్త.

“ఓ అల్లుడా! ఉరుకొచ్చి సూడు! మా దేవునర్రల ఏదో పుడుతున్నది!”

అందరం పరుగెత్తాం. దేవుడి గూడు కింద పందికొక్కులు తవ్విన బొక్కలోంచి పసుపుపచ్చటి నురగ ఉబ్బుతూ, పెరుగుతూ, దీపపు కుందిని ఎత్తుకుని పైకి వస్తోంది. ఆ నురగ కంటే ముందు పందికొక్కులు వచ్చేశాయి. ఒక్కొక్కటి చిన్నపాటి మేకపిల్లంత ఉంది. వాటిలో ఒకదాని తలకు నురగ గట్టిపడి, అచ్చం హెల్మెట్ పెట్టుకున్నట్టు, మా అత్త కాళ్ల మధ్యలోంచి దర్జాగా వీధిలోకి పోయింది.

“పాలు పొంగిచ్చుడు ఎరుక గని, భూమి పొంగిచ్చుడు ఏంది అల్లుడా? మీ ఇంట్ల లేవాల్సింది మా ఇంట్ల లేస్తున్నదేంది?”

మేము తిరిగి వచ్చేసరికి మా ముందుగదిలో ఇంకొకటి లేచింది. నురగ లోపల చోటు ఆక్రమించుకుంటే, అక్కడ ఇన్నాళ్లూ కాపురమున్న గాలి బెజ్జాల్లోంచి బయటికి వచ్చింది. దాన్ని గాలి అనడం గాలిని అవమానించడమే. ఇంజనీరు మిషను ఆపి, రుమాలు ముక్కుకు కట్టుకుని, మా చిన్నాయన ముందు నిలబడ్డాడు.

“పెద్దాయనా, నిజం చెప్పు. కింద ఏముంది?”

చిన్నాయన దూలాలను చూశాడు. మా ఇంటామె జవాబు చెప్పింది.

“మగ్గం గుంట ఉంది సార్.”

“అమ్మా, పూడ్చిన గుంట పేరు తియ్యొద్దని చెప్తి గద!”

“మనం పేరు తియ్యకుంటే అదే లేసి పక్కింట్ల తేలింది గద మామా.”

ఇంజనీరు తల పట్టుకున్నాడు. “మెత్తటి మట్టిని గట్టిగ చేసే మందు నా దగ్గరుంది. చెత్తను మట్టిగ మార్చే మందు లేదు. ఇది తవ్వి తియ్యాలె. మొరం పోసి, తడిపి, పొరపొరకూ దిమ్మిస కొట్టాలె. అటెన్క చుట్టూ మట్టికి నేను మందు ఎక్కిస్త. గని ముందుగాల మగ్గం తియ్యాలె.”

మా ఇంటామె మగ్గం కర్ర గట్టిగా పట్టుకుంది. తర్వాత ఆమె మా చిన్నాయన చూసిన చోటికే చూసింది.

“తియ్యుడెందుకు? దూలాలకు కట్టి లేపుండ్రి.”

రాజోలి నుంచి మా బావమరిది మోకులు తెచ్చాడు. నాలుగు కాళ్లకూ కట్టి, పడుగు ఒక్క పోగు తెగకుండా, పసిపిల్ల ఉన్న ఉయ్యాలను ఎత్తినట్టు మగ్గాన్ని ఎత్తాం. దాని కింద టైల్స్ పగలగొట్టాం.

ఆ తర్వాతిది రాయడానికి ఇప్పటికీ నా చెయ్యి ఇష్టపడడం లేదు. స్నానాల గది పైపు ఎక్కడో చిట్లి, నీళ్లు ఎంతోకాలంగా గుంటలోకే పోతున్నాయి. అందులో పోగులను విడదీసే పన్నెలు విరిగినవి, చిక్కుపడిన నూలు, గంజి పిండిన గుడ్డలు, చివరికి ఒక గంజి కుండ, గంజితో సహా. అది గంజిగా పుట్టి, ఎన్ని జన్మలెత్తిందో, నేను చూసేసరికి నల్లగా, బంకగా, బుడగలు వేస్తూ నన్నే చూస్తోంది. దాని చుట్టూ పసుపు నురగ గడ్డలు, మురిగిన పుండుకు పట్టిన చీములా. కూలికి వచ్చిన ఇద్దరూ చెప్పులు వదిలేసి పారిపోయారు. మా వాడకట్టు మీదుగా ఎగిరే కాకులు ఆ వారమంతా ఊరు చుట్టి పోయాయి. దిగింది ఎవరయ్యా అంటే నేనే. మోకాళ్ల దాకా మునిగి, ఒక్కో గుడ్డ పైకి తీస్తుంటే, పొద్దున తిన్నదే కాదు, మొన్న తినబోయి మానుకున్నది కూడా బయటికి వచ్చింది.

గట్టు మీద చిన్నాయన మాత్రం ముక్కు కూడా మూసుకోకుండా, ప్రతి ముక్కనూ కడిగి వరసగా పెడుతున్నాడు. “జర నిమ్మలంగ తియ్యిరా. గది మీ నాయిన నాడె.”

పడుగు మధ్యలోంచి అడ్డనూలును లాక్కుపోయే నాడె, అరిగిపోయిన చెక్కది. నూలు పోయే బెజ్జం దగ్గర నున్నగా ఉంది. మా నాయన దాన్ని ఇటు విసిరి అటు పట్టుకోవడం నాకు గుర్తుంది. గుర్తుకు రావడానికి ఇంతకంటే కంపుకొట్టే చోటు దొరకలేదా అని నాకు ఒళ్లు మండింది.

మొరం వచ్చింది. పోసి, తడిపి, దిమ్మిస కొట్టాం. ఆఖరి పొర దగ్గర చిన్నాయన ఎవరూ చూడడం లేదనుకుని నాడెను మెల్లగా లోపలికి జార్చాడు. మా ఇంటామె చూసింది. ఇక గొడవ మొదలవుతుంది అనుకున్నాను. ఆమె కాలితో దాని మీదికి మొరం తోసి, “గదొక్కటే మామా, ఇంకేం వద్దు” అంది.

ఇంజనీరు చుట్టూ మందు ఎక్కించాడు. ఈసారి మిగిలిన టైల్స్ నిజంగానే, ఆవులిస్తున్నట్టు మెల్లగా లేచాయి. మొరం మీద కొత్తగా కాంక్రీటు పోసి, అది గట్టిపడ్డాక మగ్గాన్ని దించాం. గడప దగ్గర నిమ్మకాయ పెట్టాను. అది ఎటూ పోకుండా నన్నే చూస్తూ కూర్చుంది.

చీర పూర్తయింది. కంపు మాత్రం పోలేదు. గోడలకు, గుడ్డలకు, నా మీసాలకు పట్టింది. వనపర్తి ఆమె వచ్చిన నాడు నేను మల్లె అత్తరు సీసాతో సిద్ధంగా ఉన్నాను. మా ఇంటామె అది లాక్కుని కిటికీలో పెట్టేసింది.

వచ్చినామె చీర విప్పి, అంచు వెంట వేలు నడిపింది. జానెడు మేర గీత వంకర పోయిన చోట వేలు ఆగింది.

“ఈడ నేల కుంగింది అమ్మా” అంది మా ఇంటామె. “ఈడికెల్లి మల్ల సాఫ్‌గ వచ్చింది.”

వనపర్తి ఆమె చీరను ముక్కు దగ్గరికి తీసుకుంది. మొహం ముడుచుకుపోయింది. “ఇదేం వాసన?”

నేను నోరు తెరిచాను. మా ఇంటామె నన్ను తెరవనివ్వలేదు. “మా గుంట కుళ్లింది. గాలికేసిన, నీడకారేసిన, ఇంకా జరంత ఉంది. వద్దంటే ఉంచు, ఏమనుకోను.”

“మగ్గం కింద తవ్విండ్రంట గద. పడుగు తెంపినరా?”

“తెంపలే.”

ఆమె ఇంకోసారి వాసన చూసి, ఇంకోసారి మొహం ముడిచి, చీర మడతపెట్టి సంచిలో పెట్టుకుంది.

“పెండ్లి నాటికి పోతది లే. పోకుంటే మా వియ్యపురాలు జర దూరం కూసుంటది, అదీ మంచికే.”