దువ్వెనలవాళ్ళ ఇల్లు ఎక్కడ?

ఫెజ్ పాతబస్తీలో తహామీకి తెలియని సందు లేదు, అతను అనుమానించని మనిషీ లేడు. మెడలో లైసెన్సు బిళ్ళ వేలాడేసుకుని పాతికేళ్ళుగా టూరిస్టులకు ఊరు చూపిస్తున్నాడు. ఎవరైనా నవ్వితే ఎందుకు నవ్వారా అని, నవ్వకపోతే ఎందుకు నవ్వలేదా అని ఆలోచించే రకం. మేడమీద రెండు గదులు అనుమతి లేకుండా విదేశీయులకు అద్దెకివ్వడం మొదలుపెట్టాక ఆ జబ్బు మరీ ముదిరింది. సంగతి బయటపడితే బిళ్ళ పోతుంది. బిళ్ళ పోయాక తహామీకి మిగిలేది నోరొక్కటే.

అందుకే ఆ గురువారం పొద్దున పసుపు పట్టీ కంటపడగానే అతను నడుస్తున్నవాడల్లా ఆగిపోయాడు.

మర్నాడు అతను తిప్పబోయే బృందానికి టూరు కంపెనీవాళ్ళు చేతికి పసుపు పట్టీలు కట్టారు. అందరూ హోటల్లో ప్రయాణపు బడలిక తీర్చుకుంటున్నారు. ఈవిడ మాత్రం ఒంటరిగా బయల్దేరింది. అరవై దాటిన మనిషి, పొట్టి జుట్టు, చేతిలో ఉబ్బెత్తుగా ఒక సంచీ. ఫోటోలు తీయదు. మసీదు ముందు ఆగదు. ఎవరెవరివో ఇళ్ళ తలుపులు చూస్తూ నిలబడిపోతుంది. రేపు ఎలాగూ మనిషిని పెట్టి చూపిస్తుంటే ఇవాళే ఈ తిరుగుడేమిటి? ఆ సంచీలో ఏం దాచింది? తహామీ సరుకులు మోసే గాడిదలను చాటు చేసుకుంటూ ఆమె వెంటపడ్డాడు.

ఆమె జిలాలీ మిఠాయికొట్టు దగ్గర ఆగి ఏదో అడిగి వెళ్ళింది. తహామీ ఒక్క అంగలో అక్కడ వాలాడు.

"ఏమడిగిందిరా?"

"నీ గురించి కాదులే, ఊపిరి పీల్చుకో. మీ అమ్మ గురించి."

"మా అమ్మ గురించా!"

"దువ్వెనలు చేసే అల్లాల్ పెళ్ళాం తామూ ఇల్లెక్కడా అని. చూడబోతే దొరసాని, నోరు తెరిస్తే అచ్చం మా నాయనమ్మ మాటే. చెబుదామనుకునేలోపు గాడిద అడ్డమొచ్చింది."

ఇల్లు ఇప్పటికీ అమ్మ పేరునే ఉంది. పేరుతో సహా కనుక్కుని, భాష కూడా నేర్చుకుని వచ్చిందంటే ఇది మామూలు తనిఖీ కాదు.

"మంచి గాడిద," అన్నాడు. "మళ్ళీ అడిగితే తెలియదను. ఆవిడ అధికారి. నలుగురికీ చెప్పు."

ఫెజ్‌లో ఆ ఒక్క మాట చాలు. అధికారి ఇల్లడిగితే గోడ పంచుకున్నవాడు కూడా పక్కింటివాళ్ళ పేరు మరిచిపోతాడు. అది అక్కడి మర్యాద. కబురు ఆమెకంటే ముందు నడిచింది. రాగిపనివాళ్ళు తెలియదన్నారు. తాతలనాటి నుంచీ అదే కొట్లో కూర్చున్న చెప్పులాయన, తానీమధ్యే వచ్చానన్నాడు. ఆమె విసుక్కోలేదు. జీతం తీసుకోని మనిషికి అంత ఓపికెక్కడిదని తహామీ అనుమానం ఇంకా గట్టిపడింది. తిరిగి తిరిగి ఆమె జిలాలీ దగ్గరికే వచ్చింది. వాడు ఉత్సాహం పట్టలేక, "తామూనా? ఎప్పుడో పోయింది తల్లీ, ఆమె మీద దేవుడి దయ ఉండాలి" అనేశాడు.

ఆమె కొట్టు బల్ల పట్టుకుని ఏడ్చింది. ఎంత బాగా నటిస్తోంది అనుకున్నాడు కొట్టు చాటున నక్కిన తహామీ.

సాయంత్రం ఇంట్లో తామూ పుదీనా ఏరుతోంది.

"అమ్మా, రేపు నేను లేనప్పుడు ఎవరు తట్టినా తలుపు తీయకు."

"ఎవరని అడిగితే 'దగ్గరివాళ్ళం' అంటారు కదరా. ఈ ఊళ్ళో అందరూ అదేగా అంటారు. ఆ మాటన్నాక తీయకుండా ఎలా?"

"అన్నా సరే, తీయకు."

"నీ అనుమానం తగలెయ్యా! నా శవాన్ని చూడ్డానికి కూడా ఎవర్నీ రానిచ్చేలా లేవు."

శుక్రవారం తహామీ బుద్ధిమంతుడైపోయాడు. కమీషన్ ఇచ్చే తివాచీ కొట్టు వైపు కన్నెత్తి కూడా చూడలేదు. బృందం వెనకే కంపెనీ మనిషి ఉన్నాడు, అందరికంటే వెనక ఆవిడ ఉంది. నీళ్ళ పంపు దగ్గర అందరూ చేతులు తడుపుకుంటుంటే ఆమె నేరుగా అతని దగ్గరికి వచ్చింది. అయిపోయింది నా పని, అనుకున్నాడు.

"నాయనా, ఒక సమాధి చూపిస్తావా? మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోతుందట."

సంచీ తెరిచింది. అందులో ఊదా కాగితం చుట్టిన పంచదార దిమ్మ ఉంది, అయినవాళ్ళ ఇంటికి పట్టుకెళ్ళేది.

"మాది ఇక్కడి యూదుల వాడ. మా అమ్మకి పాలు పడలేదు. అప్పుడే బిడ్డని పోగొట్టుకున్న తామూ అనే ఆవిడ నాకు పాలిచ్చి బతికించింది. నా చిన్నప్పుడే మావాళ్ళు సముద్రం అవతల మార్సెయ్‌కి తీసుకెళ్ళిపోయారు. గుంపుతో వస్తే తీరిక దొరకదని నిన్ననే వెతుక్కున్నాను. పోయిందన్నారు."

"మీ పేరు?"

"సోలికా."

ప్రతి శుక్రవారం గోధుమరవ్వతో వండిన కుస్కుస్ పళ్ళెం ముందు కూర్చుని, మొదటి ముద్ద కలుపుతూ అమ్మ గొణిగే పేరది: "నా సోలికా తిన్నదో లేదో." అతనెప్పుడూ పట్టించుకోలేదు. తల్లి పాలు తాగినది తోబుట్టువే అవుతుందని ఆ ఊళ్ళో ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. మెడలో బిళ్ళ కోసం బతికున్న తల్లిని చంపించి, ఆ ఏడుపు కొట్టు చాటు నుంచి వినోదంలా చూశాడు.

కావాలంటే ఏదో ఒక సమాధి చూపించేయొచ్చు. రాళ్ళకు కథలు కట్టడంలో అతన్ని మించినవాడు లేడు. గుట్టూ దక్కుతుంది, బిళ్ళా దక్కుతుంది.

"అక్కా," అన్నాడు. "సమాధి లేదు. ఆ అబద్ధం నా వల్లే పుట్టింది. మా అమ్మ బతికే ఉంది. రా."

పసుపు పట్టీలన్నీ వెంట నడిచాయి. ఇంటి మేడమీద తాడుకి అద్దెకున్న విదేశీయుల బట్టలు ఆరుతున్నాయి. కంపెనీ మనిషి తలెత్తి చూసి ఫోన్ బయటికి తీశాడు. తహామీ తలుపు తట్టాడు.

"ఎవరూ?" అని లోపలి నుంచి వినిపించింది.

తహామీ పక్కకి తప్పుకున్నాడు.

"దగ్గరిదాన్నే," అంది సోలికా.

"తీయొద్దన్నాడు మావాడు. ఎవరికి దగ్గర?"

"నీ పాలు తాగినదాన్నమ్మా."

లోపల ఏదో కిందపడింది. గడియ ఒకసారి కదిలి ఆగింది, మళ్ళీ కదిలింది. తలుపు తెరుచుకోకముందే ముసలామె గొంతు వినిపించింది.

"ఎంతసేపు చేశావే తల్లీ! కుస్కుస్ చల్లారిపోతోంది."