అక్వేరియంలో గట్టు తగాదా

ఇవాళ మా ఇంట్లో హత్య జరిగిందండి.

రాజమండ్రిలో మా హాల్లో ఉప్పునీళ్ల అక్వేరియం ఉంది. అందులో ఏడాదిగా ఒక నీలం డామ్సెల్ చేప ఒక్కటే ఉంటోంది. బొటనవేలంత ఉంటుంది, చూస్తే ముద్దొస్తుంది. పాపం, తోడుంటుంది కదా అని పొద్దున్న ఒక పసుపుపచ్చ డామ్సెల్‌ని తెచ్చి వదిలాను. నీలంది రాయి సందులోంచి దూసుకొచ్చి దాని తోక చీల్చేసింది. మూలకి తరిమి కన్ను పొడిచేసింది. నేను వల తెచ్చేలోపే కొత్తది వెల్లకిలా తేలిపోయింది. తీయబోతే ఆ రాక్షసి నా వేలు కూడా కొరికింది!

మా నాన్నగారు కుర్చీలోంచి అంతా చూస్తున్నారు. ఆయన కోనసీమలో వ్యవసాయం చేసిన మనిషి. పొలం గట్టు తగాదాలో మా బాబాయి పారతో కొట్టిన మచ్చ ఆయన నుదుటి మీద ఇప్పటికీ ఉంది.

"రాళ్లు అటూ ఇటూ జరిపేస్తే తన చోటేదో తెలీక చల్లబడుతుందట నాన్నగారూ. అప్పుడు ఇంకోటి వేద్దాం," అంటూ నీళ్లలో చెయ్యి పెట్టాను.

ఆయన లేచొచ్చి నా చెయ్యి పట్టేసుకున్నారు.

"రాయి జరుపుతావా? మీ బాబాయి చేసిన వెధవ పనీ అదేరా! దాని చోటు అది కాచుకుంది. తప్పేంటి?"

చచ్చినదాన్ని పెరట్లో పాతిపెట్టి వచ్చేసరికి, నాన్నగారు హంతకుడికి మేత వేస్తున్నారు.

నేను ముందు నచ్చజెప్పాల్సింది చేపకా, ఆయనకా? మీరే చెప్పండి.